పైథాన్‌తో ఫైల్లో రాయడం: మా పాల కేంద్రంలో మూడేళ్లు వాడాక నా రివ్యూ

పొద్దున అయిదున్నరకి మా పాల కేంద్రం షట్టర్ ఎత్తుతాను. అప్పటికే వరండాలో క్యాన్లు, బకెట్లు వరసగా ఉంటాయి. ఒక్కొక్కరూ వచ్చి పాలు పోస్తారు. తూకం చూసి, శాంపిల్ తీసి మెషీన్‌లో పెడితే ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) వస్తాయి. అవి కంప్యూటర్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే చీటీ వస్తుంది. మా వీధిలో ఉండే పెద్దమ్మ ఒకావిడ చీటీ అందుకుంటూ రోజూ అదే ప్రశ్న అడుగుతుంది: "నాది రాసుకున్నావా అమ్మా?" "రాసుకున్నా పెద్దమ్మా" అంటాను.

నేనలా అన్న క్షణానికి ఆవిడ పోసిన ఆరు లీటర్ల నాలుగు వందల మిల్లీ నిజంగా డిస్కు మీద పడిందా? మూడేళ్లుగా నేను పైథాన్‌ను, అంటే మా లెక్కల ప్రోగ్రామ్ రాసుకున్న కంప్యూటర్ భాషను, పరీక్షించింది ఈ ఒక్క ప్రశ్న మీదే. వెబ్‌సైట్లు కట్టడం, ఏఐ చేయడం గురించి నాకు తెలీదు. ఫైల్లో రాయడం గురించి మాత్రం చెప్పగలను.

ముందు మా లెక్క చెప్తాను. మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు ఒక ఊరు. పాలు పోసేవాళ్లు 64 మంది, ఎక్కువగా జెర్సీ, హెచ్.ఎఫ్. ఆవులు. రెండు పూటలు కలిపితే రోజుకి 128 లైన్లు. పది రోజులకి ఒకసారి బిల్లు, అంటే 1,280 లైన్లు. అందులో ఒక లైను పోయిందంటే ఒక ఇంటికి ఒక పూట డబ్బు పోయినట్టే. ఆ ఇల్లు ఆ డబ్బుతోనే దాణా కొంటుంది.

పైథాన్‌కి ముందు ఏటా డబ్బు కట్టే ఒక ప్యాకేజీ వాడాం. పేరు చెప్పను. గడువు తీరాక కొత్తగా డబ్బు కట్టేదాకా మా రెండేళ్ల లెక్కలు మాకే తెరుచుకోలేదు. రాసింది మేము, పాలు మావి, తాళం మాత్రం వాళ్ల దగ్గర. అప్పుడే అనుకున్నాను, ఇకమీదట మా పుస్తకం నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకోవాలి అని. మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు నా పక్కన కూర్చుని పైథాన్ ఎక్కించి, మొదటి ప్రోగ్రామ్ రాయించాడు. "అక్కా, నేను టైప్ చేయను, నువ్వే చెయ్" అన్నాడు. ఆ పట్టుదల వల్లే తర్వాత వచ్చిన తిప్పలు నేనే విప్పుకోగలిగాను.

ఖర్చు సున్నా. గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన నాటి నుంచీ ఇది అందరికీ ఉచితంగానే ఉంది. మాది సెకండ్ హ్యాండ్ విండోస్ కంప్యూటర్, అందులో పైథాన్ 3.11 వెర్షన్. ఫైల్లో రాయడానికి కావలసిందంతా పైథాన్‌తోపాటే వచ్చేస్తుంది. నెట్ లేకపోయినా పని ఆగదు. మా ఊళ్లో అది చిన్న విషయం కాదు.

పని మొదలుపెట్టడం ఎంత సులువంటే, మూడు లైన్లు చాలు. 'ఓపెన్' అని పిలిచి ఫైలు పేరు, ఏ పద్ధతిలో తెరవాలో చెప్పాలి. 'రైట్' అని రాయాలి. 'విత్' బ్లాక్‌లో పెడితే బయటికి రాగానే ఫైలు దానంతటదే మూసుకుంటుంది, మధ్యలో ఏదైనా ఎర్రర్ వచ్చినా సరే. 'విత్' లేకుండా రాసి 'క్లోజ్' మరిచిపోతే ప్రోగ్రామ్ మామూలుగా ముగిసినా రాసిందంతా డిస్కుకి చేరకపోవచ్చని పైథాన్ సొంత ట్యుటోరియల్‌లోనే హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరిక దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదవండి.

పద్ధతి సంగతి ఇంకా ముఖ్యం. 'డబ్ల్యూ' అంటే కొత్తగా రాయడం, 'ఏ' అంటే ఉన్నదాని చివర చేర్చడం. 'డబ్ల్యూ'తో తెరిస్తే, మీరు ఒక్క అక్షరం రాయకపోయినా, తెరిచిన క్షణంలోనే పాతదంతా తుడిచిపెట్టుకు పోతుంది. అడగదు, బిన్‌లో వేయదు. మొదటి వారంలో నాలుగు పూటల లెక్క నాకలాగే పోయింది. తప్పు నాదే. 64 ఇళ్లూ తిరిగి వాళ్ల దగ్గరున్న చీటీలు చూసి మళ్లీ ఎక్కించాను. ఒక్కరూ మాట అనలేదు, అందుకే ఇంకా బాధేసింది. 'ఎక్స్' అని మూడో పద్ధతి ఒకటుందని తర్వాత తెలిసింది. ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే అది రాయనంటుంది, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 3.3 వెర్షన్ నుంచి ఉంది. మేము ప్రతి బిల్లుకీ కొత్త ఫైలు దీనితోనే తెరుస్తాం, ఆ తర్వాత పూటపూటా 'ఏ'తో చేరుస్తాం. 'డబ్ల్యూ' అన్న అక్షరం మా ప్రోగ్రామ్‌లో లెక్క ఉన్న ఫైళ్ల దరిదాపుల్లో ఎక్కడా లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అన్నిచోట్లా మొదట 'డబ్ల్యూ' చూపిస్తారు. నా చేతిలో ఉంటే 'ఏ' ముందు నేర్పిస్తాను.

ఇక తెలుగు. నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దీనితోనే.

సభ్యుల పేర్లు తెలుగులోనే ఉండాలని నా పట్టు. ఇంగ్లీషులో కొడితే లక్ష్మమ్మ, లక్ష్మి, లక్ష్మీదేవి మూడూ ఒకేలా కనిపించి చీటీలు తారుమారవుతాయి. పైగా చీటీ మీద తన పేరు తను చదువుకోగలగాలి కదా. మొదటిసారి తెలుగు పేరు రాయమంటే 'యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్' అని ఎర్రగా వచ్చింది, దాని పక్కన 'చార్‌మ్యాప్' అన్న మాట. కారణం ఇది: మనం ఎన్‌కోడింగ్ (ఏ అక్షరాన్ని ఏ అంకెగా రాయాలో చెప్పే పట్టిక) చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటర్ అలవాటు ఏదో దాన్నే తీసుకుంటుంది. ఇండియా ఇంగ్లీషు సెట్టింగ్‌లో ఉన్న విండోస్‌లో అది 1252 అనే పాత కోడ్ పేజీ. పడమటి యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది, తెలుగు అక్షరం ఒక్కటీ అందులో లేదు. లేని అక్షరాన్ని రాయలేనని పైథాన్ ఆగిపోయింది. ఆగిపోవడం మంచిదే. ప్రశ్న గుర్తులు రాసేసి ముందుకు పోయి ఉంటే పది రోజుల తర్వాత బిల్లు రోజున తెలిసేది.

మందు చిన్నదే. ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలూ రాయగలిగేది) అని మనమే చెప్పాలి, ప్రతిసారీ చెప్పాలి. రాసేటప్పుడు చెప్పి చదివేటప్పుడు మరిచిపోయినా గందరగోళమే. 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్‌గా పెట్టాలని పైథాన్ వాళ్లు నిర్ణయించారు. అది రావడం నాకు నిజంగా సంతోషం. అయినా మన ఊళ్లలో కంప్యూటర్లలో పాత వెర్షన్లే ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి చెప్పడం మానకండి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. 'లక్ష్మమ్మ' అన్న పేరు మన నోటికి మూడు అక్షరాలు: ల, క్ష్మ, మ్మ. అదే పేరు రాస్తే 'రైట్' తిరిగి ఇచ్చే అంకె 9. ఎందుకంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, మ, పొల్లు, మ అని, అన్ని భాషల అక్షరాలకీ అంకెలిచ్చే యూనికోడ్‌లో తొమ్మిది ముక్కలు. డిస్కు మీద చూస్తే 27 బైట్లు, ఒక్కో ముక్కకి మూడు. ఈ మూడు లెక్కలూ వేరువేరని తెలిశాక చీటీ మీద వరసలు ఎందుకు వంకరగా వస్తున్నాయో అర్థమైంది. నేను పేరుని 'ఇన్ని అక్షరాల వెడల్పు' అని ఖాళీలతో నింపుతున్నాను. ప్రోగ్రామ్ తొమ్మిది లెక్కబెడుతోంది, ప్రింటర్ మూడక్షరాలు గుద్దుతోంది. తెలుగు పేరు పెట్టే వరసని చివరికి జరిపేశాను, ఇప్పుడు అంకెలన్నీ నిటారుగా ఉన్నాయి.

మా లెక్కంతా సీఎస్వీ ఫైల్లో ఉంటుంది, కామాలతో విడదీసిన మామూలు అక్షరాలు. పైథాన్‌లో దీనికోసం సీఎస్వీ మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్క) ఉంది. కామా మనమే అతికించుకోవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. ఒక సభ్యుడి పేరు పక్కన ఎవరో 'పెద్దిల్లు, పైవీధి' అని కామాతో ఎక్కించారనుకోండి, ఫ్యాట్ ఉండాల్సిన గడిలోకి పేరు ముక్క వచ్చి కూర్చుంటుంది. మాడ్యూల్ అయితే దాన్ని కొటేషన్లలో పెట్టి కాపాడుతుంది. దీని మొదటి ఇబ్బంది అందరికీ ఎదురయ్యేదే, ప్రతి లైను తర్వాతా ఒక ఖాళీ లైను. మాడ్యూల్ తన లైను చివర తనే పెట్టుకుంటుంది, విండోస్‌లో ఫైలు దాన్ని మళ్లీ మార్చబోతుంది, రెండూ కలిసి ఖాళీ వస్తుంది. ఓపెన్‌లో 'న్యూలైన్' దగ్గర ఖాళీ కొటేషన్లు పెడితే పోతుంది. ఇది తెలియక ఖాళీ లైన్లను తీసేయడానికి వేరే ప్రోగ్రామ్ రాసుకున్నవాళ్లను చూశాను.

బిల్లు రోజున మా అధ్యక్షుడు ఆ ఫైలు స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి చూస్తారు. తెరిస్తే పేర్లన్నీ పిచ్చి గీతలుగా కనిపించాయి. ఫైల్లో తెలుగు సరిగానే ఉంది, కానీ అది యూటీఎఫ్-8 అని స్ప్రెడ్‌షీట్‌కి తెలియలేదు. ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8-సిగ్' అని రాస్తే ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు పడుతుంది, స్ప్రెడ్‌షీట్ దాన్ని చూసి గుర్తుపడుతుంది. నేను పూటపూటా చివర చేరుస్తాను కాబట్టి ఆ గుర్తు మళ్లీ మళ్లీ మధ్యలో పడుతుందేమోనని భయపడ్డాను. బైట్లు తీసి చూశాను. ఫైల్లో అప్పటికే ఏదైనా ఉంటే పైథాన్ ఆ గుర్తు మళ్లీ పెట్టదు. చేసినవాళ్లు అంత దూరం ఆలోచించారు.

అదే స్ప్రెడ్‌షీట్‌తో ఇంకో చిక్కు. అధ్యక్షుడు ఫైలు తెరిచి చూస్తుండగా నేను కొత్త లైను రాయబోతే 'పర్మిషన్ ఎర్రర్' వస్తుంది, ఎందుకంటే అది ఫైలుని పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు ఆయన చూడ్డానికి రోజూ ఒక నకలు వేరే ఫోల్డర్‌లో పెడుతున్నాను, అసలు ఫైలు ఎవరూ ముట్టుకోరు. సభ్యుడి నంబరు 0023 అక్కడ 23గా కనిపించినా కంగారు పడకండి, ఫైల్లో 0023 అనే ఉంటుంది. డబ్బుల లెక్కకి మామూలు దశాంశాలు వద్దు. 38.50 రాయమంటే 38.5 అని రాస్తుంది, కూడికల్లో పైసలు జారతాయి. పైథాన్‌లోనే ఉన్న 'డెసిమల్' మాడ్యూల్ వాడండి, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను.

మొదటి ఏడాది నా ప్రోగ్రామ్ పూట మొదట్లో ఫైలు తెరిచి, పూట అయ్యేదాకా తెరిచే ఉంచేది. ఒకనాటి సాయంత్రం 41వ మనిషి దగ్గర కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉంది, కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే ఆ పూటవి ఒక్క లైనూ లేదు. నలభై చీటీలు జనం చేతుల్లో ఉన్నాయి, ఫైల్లో సున్నా. నలభైసార్లు "రాసుకున్నా" అన్నాను, ఒక్కసారీ అది నిజం కాలేదు. చీటీలన్నీ వెనక్కి తెప్పించి ఆ రాత్రి మళ్లీ ఎక్కించాను. నిద్ర పట్టక కారణం వెతుకుతూ కూర్చున్నాను.

కారణం బఫర్. 'రైట్' అనగానే పైథాన్ వెంటనే డిస్కు దగ్గరికి పరిగెత్తదు. కొంత పోగయ్యేదాకా మెమరీలోనే ఉంచుకుంటుంది, అలా చేస్తేనే పని వేగంగా జరుగుతుంది. మా వెర్షన్‌లో ఆ బఫర్ 8,192 బైట్లు. మా లైను ఒకటి లెక్కేశాను: తేదీ, పూట, నంబరు, పేరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్., ధర, మొత్తం, అన్నీ కలిపి దగ్గరదగ్గర 74 బైట్లు. 64 మందికి 4,736. అంటే మా ఊరి మొత్తం పూట బఫర్ నిండటానికి సరిపోదు! 64 మందీ పోసి, ఫైలు మూసేదాకా ఒక్క చుక్క కూడా డిస్కు మీద పడదన్నమాట. పెద్ద కేంద్రమైతే కొన్ని లైన్లయినా దక్కేవేమో. చిన్నవాళ్లం కాబట్టి మొత్తం పోయింది.

దీనికి పైథాన్‌లోనే జవాబుంది, రెండు మెట్లలో. 'ఫ్లష్' అంటే పైథాన్ తన దగ్గర ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయినా అక్కడిదాకా చేరింది క్షేమం. కానీ కరెంటు పోతే అది చాలదు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తన మెమరీలో కాసేపు ఉంచుకుంటుంది. 'ఓఎస్' మాడ్యూల్‌లో 'ఎఫ్‌సింక్' అని ఉంది, అది డిస్కు మీద రాయించేదాకా కదలదు. మొదట ఫ్లష్, తర్వాత ఎఫ్‌సింక్, ఈ వరసలోనే. ఎఫ్‌సింక్ ఒక్కటే పిలిస్తే పైథాన్ బఫర్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు మా ప్రోగ్రామ్ ప్రతి మనిషికీ ఫైలు తెరుస్తుంది, లైను రాస్తుంది, ఫ్లష్, ఎఫ్‌సింక్, మూత. ఆ తర్వాతే చీటీ ప్రింటుకి పంపుతుంది. చీటీ వచ్చిందంటే లైను డిస్కు మీద ఉన్నట్టు. లక్షల లైన్లు రాసేవాళ్లకి ప్రతి లైనుకీ ఇలా చేస్తే బాగా నెమ్మదిస్తుంది, వాళ్లు చేయకూడదు. మాకు మనిషికీ మనిషికీ మధ్య క్యాన్ వంచే టైమ్ ఉంటుంది. మా పాత హార్డ్ డిస్కులో కూడా తేడా తెలియలేదు. రాస్తుండగా కరెంటు పోతే చివరి లైను సగం పడే అవకాశం మాత్రం ఉంది. అందుకని పూట మొదట్లో ఫైలు చివరి బైటు లైను ముగింపేనా అని చూసుకుంటుంది, కాకపోతే ఆ లైను నాకు చూపించి ఆగుతుంది.

సభ్యుల జాబితా సంగతి వేరు. అందులో బ్యాంకు ఖాతా మారుతుంది, పేరు సరిదిద్దాలి, కాబట్టి ఫైలు మొత్తం తిరగరాయాలి. పాతదాని మీదే రాస్తూ మధ్యలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పూర్తిగా రాసి, డిస్కుకి చేర్చి, అప్పుడు 'ఓఎస్ రీప్లేస్'తో పాత పేరు దానికి పెడతాను. ఈ జాబితా జేసన్ అనే మరో రకం అక్షరాల ఫైల్లో ఉంది. అక్కడా తెలుగు కోసం ఒక మాట చెప్పాలి: 'ఎన్‌ష్యూర్ ఆస్కీ' ఫాల్స్ అనకపోతే లక్ష్మమ్మ పేరు 27 బైట్ల బదులు 54 బైట్ల సంకేతాలుగా పడుతుంది. ప్రోగ్రామ్ చదువుకోగలదు, నోట్‌ప్యాడ్‌లో తెరిచిన మనిషి చదవలేడు. మా పుస్తకం మేము చదవగలగాలనే కదా ఇదంతా మొదలుపెట్టింది.

ఎవరికి సరిపోదో కూడా చెప్తాను. రెండు కౌంటర్లలో ఇద్దరు ఒకే ఫైల్లోకి ఒకేసారి రాసే చోట మామూలు ఫైలు పెట్టుకోవద్దు. పైథాన్‌తో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వస్తుంది, అది వాడండి. పాత లైన్లను తరచూ దిద్దే పని ఉన్నా అదే మేలు. మాకు ఒక కౌంటర్, రాసిన లైను దిద్దకూడదన్నది నియమం. తప్పు పడితే కింద ఇంకో లైనుగా సవరణ రాస్తాం. దానికి సీఎస్వీ ఫైలే సరి.

అయిదుకి నాలుగున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గిన సగం, తెలుగు రాసేవాళ్లకి మొదటి రోజే ఎర్రర్ చూపించిన ఆ పాత డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌కి. బఫర్ సంగతికి తగ్గించలేదు, అది ట్యుటోరియల్‌లో రాసి ఉంది, నేను ఆలస్యంగా చదివాను.

మొన్న వానల్లో సాయంత్రం పూట మళ్లీ కరెంటు పోయింది. పెద్దమ్మ వంతు 23వది, పాలు పోసింది, అంకెలు కొట్టాను, ఎంటర్ నొక్కేలోపు తెర నల్లబడింది. చీటీ రాలేదు. ఇరవై నిమిషాలకి కరెంటు వచ్చింది. ఫైలు తెరిచి టార్చి పట్టుకున్న మా అబ్బాయితో కలిసి లెక్కబెట్టాను. 22 లైన్లు, అప్పటిదాకా ఇచ్చిన చీటీలు 22. ఆవిడ కౌంటర్ దగ్గరే నిలబడి ఉంది.

"నాది రాసుకున్నావా అమ్మా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నా."